అమ్మకిచ్చిన ఐదో మాట

గుడ్ ఫ్రైడే నాడు మా తెలుగు చర్చిలో పన్నెండు నుంచి మూడు గంటల దాకా ఆరాధన ఉంటుంది. యేసు సిలువ మీద పలికిన ఏడు మాటలను ఏడుగురు పంచుకుని, ఒక్కొక్కరు ఒక్కో మాట మీద మాట్లాడతారు. ఎవరికి ఏ మాట అన్నది నెల ముందే తేలాలి. ఆ నెలంతా డిగ్నాబాద్‌లోని మా సంఘంలో నడిచే రాజకీయం చూస్తే పంచాయతీ ఎన్నికలు సిగ్గుపడతాయి. మొదటి మాట క్షమాపణ గురించి. దానికి పెద్దమనుషుల్లో ఎప్పుడూ పోటీయే. అది దక్కనివాడు దక్కినవాణ్ణి మళ్ళీ గుడ్ ఫ్రైడే దాకా క్షమించడు. ఐదో మాట దాహం గురించి, ‘దప్పిగొనుచున్నాను’ అన్నది. అది వచ్చేసరికి రెండు గంటలవుతుంది, ఉపవాసం ఉన్నవాళ్ళు సగంమంది కునుకుతుంటారు. అందుకని దాన్ని ఆడవాళ్ళకి వదిలేస్తారు.

ఆ ఏడాది ఐదో మాట నాకివ్వండని మా అమ్మ అడిగింది.

అమ్మ డిగ్నాబాద్ ఉన్న ఈ దీవిలోనే పుట్టింది. ఇక్కడ బడీ బజారూ అంతా హిందీలోనే నడుస్తుంది. తాతగారు కాకినాడ వైపు నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. అమ్మ చదివింది హిందీ బడిలో, ఎనిమిదో తరగతి దాకా. తెలుగు గలగలా మాట్లాడుతుంది, కీర్తనలన్నీ నోటికి వచ్చు, కానీ తెలుగు అక్షరం ఒక్కటీ చదవడం రాదు. ఆరాధనలో పుస్తకం తెరిచి పట్టుకునేది మర్యాద కోసమే. ఇరవై ఏళ్ళుగా ప్రతి శనివారం చర్చి ఊడ్చి కడిగేది ఆమే. అది ప్రభువు పని అనేవారు అందరూ. ప్రభువు పని అన్నదల్లా చీపురు దగ్గరే ఎందుకు ఆగుతుందో నేనప్పుడు అడగలేదు.

ఆమె ఆ మాట కోరడానికి కారణం చర్చి వెనకున్న నీళ్ళ ట్యాంకు. ఎండాకాలం వస్తే మా దగ్గర కుళాయి రెండు మూడు రోజులకోసారి వస్తుంది, వచ్చినా అరగంట. చుట్టూ సముద్రమే, తాగడానికి చుక్క ఉండదు. చర్చి కప్పు మీద పడ్డ వాన నీళ్ళు ఆ ట్యాంకులోకి చేరతాయి కాబట్టి మాకు కొంచెం వెసులుబాటు. చర్చి వెనక వాలులో శ్రీకాకుళం నుంచి వచ్చిన చేపలు పట్టేవాళ్ళ ఇళ్ళున్నాయి. వాళ్ళు హిందువులు, మాకు ఇరుగుపొరుగు. వాళ్ళలో ఒకావిడ భర్త బోటు మీద వెళ్ళాడు, ఇంట్లో అత్తగారు మంచం పట్టి ఉంది. ఒక శనివారం ఆవిడ బాల్టీ పట్టుకుని కంచె దగ్గరకు వచ్చింది. అమ్మకు సాయంగా నేనూ అక్కడే ఉన్నాను.

“దీదీ, ముసల్ది పక్క పాడు చేసేసినాది. కడగడానికి సుక్క నీల్లు నేవు. ఏక్ బాల్టీ ఇయ్యి, బస్.”

“ఏక్ ఏం సరిపోద్దే? దో పట్టుకెళ్ళు,” అంది అమ్మ. ట్యాంకు తాళంచెవి అప్పట్లో ఆమె కొంగుకే ఉండేది.

మర్నాడు ఆవిడ మళ్ళీ వచ్చింది. తర్వాత ఇంకో ఇద్దరు. మూడో రోజుకి సంగతి మా సంఘం సెక్రటరీగారి చెవిన పడింది. ఎంగిలి చేత్తో కాకిని తోలని మనిషి ఆయన. అయితే ప్రార్థన మొదలుపెడితే ప్రపంచంలోని పేదలందరినీ పేరుపేరునా దేవుడికి అప్పజెబుతాడు.

“చెల్లెమ్మా, బురా మత్ మానో, ఏమీ అనుకోకు,” అన్నాడు అమ్మతో. “మనం పానీ ఇయ్యడం షురూ చేస్తే బస్తీ పూరా లైన్ కట్టేస్తారు. సంఘం నీళ్ళు సంఘానికే. ఆ చాబీ ఇలాగివ్వు.”

అమ్మ కొంగు ముడి విప్పి ఇచ్చేసింది.

తర్వాతి శనివారం ఆయనే వచ్చి తాళం తీశాడు. పండగలు దగ్గర పడ్డాయి కదా, చర్చి ముందు నిలబెట్టిన సిమెంటు సిలువ దుమ్ము కొట్టుకుపోయింది, దాన్నీ మెట్లనూ శుభ్రంగా కడగమన్నాడు. ఏడెనిమిది బాల్టీలు పట్టాయి. ఆ నీళ్ళు మెట్ల మీదుగా జారి మురిక్కాలవలో కలిశాయి. చేపలావిడ ఖాళీ బాల్టీతో కంచె అవతల నిలబడి అంతా చూసింది. పల్లెత్తు మాట అనలేదు. అంటే బాగుండేదని అమ్మ ఆ తర్వాత చాలాసార్లు అంది.

ఆ రోజు ఇంటికొచ్చి అమ్మ అన్నం ముందు కూర్చుంది గానీ ముద్ద ఎత్తలేదు.

“చూడవే,” అంది నాతో. “ఆయన సిలువ మీద అంతసేపు వేలాడి ఒంటికోసం అడిగింది ఒక్క నీళ్ళే. ఇంకేమీ మాంగలేదు. అదీ ఇయ్యలేదు, చిరక ఇచ్చారు, పులిసిన ద్రాక్షరసం. మనం సిలువ, సిలువ అని రోజూ పాడతాం. సిలువంటే నాకిప్పుడు సమజైంది. దాహమన్నవాడికి నీళ్ళియ్యకపోవడమే సిలువ. మేకులు తర్వాత సంగతి. ఈవేళ నేను ఇయ్యనోళ్ళ వైపు నిలబడి కడిగాను.”

ముప్ఫై ఏళ్ళుగా విన్న ప్రసంగాల్లో నాకు ఎక్కని అర్థం ఆ పూట ఎక్కింది. ఎక్కి ఏం లాభం? ఆ సంగతీ చెబుతాను.

పాస్టరుగారు కొత్తగా వచ్చిన మనిషి, ఇక్కడి లోతుపాతులు తెలియవు. అమ్మ వెళ్ళి అడగగానే ఐదో మాట ఆమె పేరన రాసుకున్నారు. అమ్మ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని చెబుతుంటే నేను హిందీ అక్షరాల్లో తెలుగు మాటలు రాసిపెట్టాను, ఆమె చదువుకోవడానికి వీలుగా. నాలుగు పేజీలు వచ్చాయి. మూడో పేజీలో ట్యాంకు, తాళం, కంచె అవతలి బాల్టీ అన్నీ ఉన్నాయి. ఎవరి పేరూ లేదు. తిట్టు లేదు. తప్పు నాది అనే మొదలుపెట్టి, గుడ్ ఫ్రైడే నాడైనా తాళం తీద్దాం అని ముగించింది. చేపలు కోస్తూ, బట్టలు ఉతుకుతూ వల్లె వేసి, వారానికల్లా కాగితం అవసరం లేకుండా చేసుకుంది.

అక్కడితో ఊరుకుంటే సరిపోయేది. అంతకుముందు ఏడాది ఒకాయన సిలువ శ్రమల గురించి మొదలుపెట్టి తన కడుపు ఆపరేషన్ మీద నలభై నిమిషాలు మాట్లాడాడు. అందుకని ఈసారి అందరూ ప్రసంగాలు తెలుగులో రాసి ముందుగా చూపించాలని సెక్రటరీగారు కబురు పెట్టారు. మా సంఘంలో నా ఈడువాళ్ళలో తెలుగు శుభ్రంగా రాయగలిగేది నేనొక్కదాన్నే, మా నాయనమ్మ నేర్పిన పుణ్యాన. ఆ గర్వం నాకు తలకెక్కి ఉంది. అమ్మ చెప్పింది చెప్పినట్టు, అక్షరం పోకుండా, గుండ్రటి చేతిరాతతో సాఫు ప్రతి తయారుచేశాను. ట్యాంకు పేరాకి ప్రత్యేకంగా అందం దిద్దాను కూడా. టౌనులో మిడిల్ పాయింట్ దగ్గరున్న మా ఆఫీసుకు వెళుతూ స్వయంగా ఆయన చేతికిచ్చాను. చదివేది ఎవరో ఒక్క క్షణమైనా ఆలోచించని మూర్ఖురాలిని.

గుడ్ ఫ్రైడేకి రెండు రోజుల ముందు, బుధవారం సాయంత్రం సెక్రటరీగారు మా ఇంటికి వచ్చారు. అమ్మ ఇచ్చిన టీ తాగారు. తడిగుడ్డతో గొంతు కోయడం అంటే ఏమిటో ఆ రోజు దగ్గరుండి చూశాను.

“చాలా బాగా చెప్పావు చెల్లెమ్మా. నేను రోజూ అనేది అదే, నీలాంటివాళ్ళ భక్తి మనకు రాదని. ఒక్కటే ప్రాబ్లమ్. మాట చెప్పేవాళ్ళు పుల్పిట్ దగ్గర తెలుగు బైబిల్ చూసి వాక్యం చదవాలి, అది మన రూల్. నువ్వు చదవలేవు. అందరి ముందు నీకు తలవంపులు ఎందుకని నా బాధ. మీ అమ్మాయి ఉంది కదా, చదువుకున్న పిల్ల. నీ బదులు తను చెబుతుంది. ఒకటే ఘర్‌లో ఉన్న మాట, ఎవరు చెబితే ఏమి?”

అలాంటి రూలు ఎప్పుడూ లేదు. ఆ సంగతి ఆయనకూ తెలుసు, మాకూ తెలుసు. లేస్తూ లేస్తూ ఆయన నా వైపు తిరిగి, “ఆ ట్యాంకు గొడవ మాత్రం వద్దమ్మా, పరిశుద్ధ దినం,” అన్నాడు.

కుదరదు, అమ్మే చెప్పాలి అని నేను అనవలసింది. అనలేదు. నాకు ఆశ పుట్టింది. అప్పటిదాకా నన్నెవరూ ఆ మైకు ముందుకు పిలవలేదు. చదువుకున్న పిల్ల అన్న రెండు మాటలకే నేను లొంగిపోయానని రాయడానికి ఇప్పటికీ చెయ్యి సాగడం లేదు, కానీ అదే నిజం. అమ్మ నా ముఖం చూసింది. నేను ఒప్పుకున్నట్టు ఆమెకు అర్థమైపోయింది.

“చెప్పవే అయితే,” అంది ఆయన వెళ్ళాక. “కాగితంలో ఉన్నదే చెప్పు. ఆయన అంటాడు గానీ, మైకు నీ చేతిలో ఉన్నప్పుడు ఎవరు ఆపుతారు? సిర్ఫ్ ఆ మూడో పేజీ చెప్పు, మిగతాది పోయినా పర్వాలేదు.”

అలాగే అన్నాను. మాటిచ్చాను.

శుక్రవారం ఫ్యాన్లు తిరుగుతున్నా చర్చి ఉడికిపోతోంది. నాలుగో మాట అయ్యాక నన్ను పిలిచారు. పుల్పిట్ మీద మూత పెట్టిన గాజు గ్లాసులో నీళ్ళున్నాయి. వాక్యం చదివాను. గొంతు బాగానే పలికింది. మొదటి పేజీ, రెండో పేజీ అయ్యాయి. జనం కునుకు మాని తలెత్తి వింటున్నారు. తల ఎత్తినప్పుడు ఆడవాళ్ళ వైపు చివరి వరసలో అమ్మ కనిపించింది. ఆమె పెదాలు కదులుతున్నాయి. నాతోపాటు, మాట మాటా, తను కూడా చెబుతోంది.

మూడో పేజీ పైకి తీశాను. ముందు వరసలో సెక్రటరీగారు కళ్ళు మూసుకుని ప్రార్థనలో ఉన్నట్టు కూర్చున్నారు. ఆయన ఉరిమి చూడలేదు, దగ్గలేదు, వేలు చూపించలేదు. నన్ను ఎవరూ ఆపలేదు. నేనే ఆగి, గ్లాసు మూత తీసి రెండు గుక్కలు తాగి, మూడో పేజీని నాలుగో దాని కింద పెట్టేశాను. ఇది శరీర దాహం మాత్రమే కాదు, ఆత్మల కోసం ఆయన పడ్డ దాహం అన్నాను. అది నేను ఎన్నో ప్రసంగాల్లో విన్న మాటే, వెతుక్కోనక్కర్లేకుండా నోటికొచ్చింది. నలుగురు ఆమెన్ అన్నారు. ఉత్సాహం వచ్చి ఇంకో పది నిమిషాలు మాట్లాడాను.

అమ్మ పెదాలు ఇంకా కదులుతూనే ఉన్నాయి. నేను వదిలేసిన చోటు నుంచి ఆమె ఒక్కతే కొంతదూరం వెళ్ళింది. తాళం దాకా వెళ్ళిందో, బాల్టీ దాకా వెళ్ళిందో నాకు తెలియదు. తర్వాత ఆగిపోయింది.

ఆరాధన అయ్యాక సెక్రటరీగారు నా తల మీద చెయ్యి పెట్టి దీవించారు. పాస్టరుగారు వచ్చే ఏడాది కూడా నువ్వే చెప్పాలన్నారు. ఇద్దరం ఇంటికి నడిచి బయలుదేరాం. ఎండకు అమ్మ కొంగు తల మీదకు లాక్కుని ముందు నడుస్తోంది.

“అమ్మా,” అన్నాను.

“అచ్ఛా చెప్పావే,” అంది వెనక్కి తిరగకుండా. “ఎవరికీ ఎక్కడా తగల్లేదు.”

అప్పటినుంచి నాకు ఏటా ఒక మాట ఇస్తున్నారు. పోయిన ఏడాది మొదటి మాటే దక్కింది. క్షమాపణ గురించి నేను చెబుతుంటే కళ్ళు తుడుచుకున్నవాళ్ళున్నారు. వేరే చర్చిలవాళ్ళు కూడా పిలుస్తున్నారు. సిలువ అర్థం మీద ఎక్కడైనా, ఎంతసేపైనా, కాగితం లేకుండా మాట్లాడగలను. మా ఇంట్లో మాత్రం, అమ్మ ఎదురుగా, ఆ మాట ఎత్తలేను.