మూలమట్టం మేస్త్రీ నూరు గడులు

ముప్పై ఎనిమిదేళ్లు మోకాళ్ల మీదే బతికిన మనిషి ఆయన. ఇళ్లలో, ఆసుపత్రుల్లో, దుకాణాల్లో నేలకు టైల్స్ పరిచే మేస్త్రీ. గది మూల సరిగ్గా ఉందో లేదో చూసే ఇనుప మూలమట్టం చేతిలో లేకుండా ఆయన ఎవరికీ కనబడలేదు. అందుకే తోటివాళ్లు ఆయనకు ఆ పేరే ఖాయం చేశారు.

యాభై ఏడో ఏట మోకాళ్లు మొరాయించాయి. ఇక నేల మీద కూర్చునే పని పనికిరాదని డాక్టరు చెప్పేశాడు. మేస్త్రీ ఇంటిపట్టున పడ్డాడు, ఇంట్లోవాళ్లకు కంటి మీద కునుకు లేకుండా పోయింది. గోడగడియారం ఒరిగిందని దించాడు, ఎక్కించాడు, మళ్లీ దించాడు. అలమరలో డబ్బాలన్నిటినీ దారం కట్టి మరీ వరుసలో పెట్టాడు. మధ్యాహ్నం భార్య నడుం వాలిస్తే, దుప్పటి అంచు నేలకు సమంగా లేదని ఆమెను లేపాడు.

"ఇంకో వారం ఇలాగే చేశావంటే నిన్నే గోడకు తగిలించి మట్టం చూస్తా" అంది ఆవిడ.

వాళ్ల కూతురు గ్రంథాలయంలో ఉద్యోగి. అక్కడ శనివారాలు పెద్దవాళ్లకు కంప్యూటర్‌తో బొమ్మలు గీయడం నేర్పుతున్నారు. మౌస్ పట్టుకుని గీయడం కాదు, ఏం గీయాలో మాటల్లో, అంకెల్లో రాసిస్తే కంప్యూటరే గీస్తుంది. "వెళ్లు నాన్నా, అమ్మ ప్రాణానికి కాస్త సుఖంగా ఉంటుంది" అని కూతురే పేరు రాయించింది.

మొదటి రోజే మేస్త్రీకి ఆ యంత్రం నచ్చింది. చెప్పింది చెప్పినట్టు చేస్తుంది, ఎదురు చెప్పదు, మధ్యలో టీకి వెళ్లదు. ఒక గడి ఎలా గీయాలో రాసి, దాన్ని పదిసార్లు చెయ్యమంటే పది గడులు! "ఇలాంటి పనివాడు ఒక్కడుంటే నా మోకాళ్లు మిగిలేవి" అన్నాడు పక్కనున్న నర్సమ్మతో. ఆమె ఆసుపత్రి నర్సుగా రిటైరై రెండేళ్లయింది. వాళ్ల వెనక కుర్చీలో సిటీ బస్సు డ్రైవరు కూర్చునేవాడు.

నేర్పే అమ్మాయికి పాతికేళ్లుంటాయి. వారానికి ఒక చిన్న సంగతి చెప్పి, ఎవరికి తోచినట్టు వాళ్లను చెయ్యమనేది. నాలుగో వారం బోర్డు మీద ఇలా రాసింది: "అడ్డం పది, నిలువు పది. నూరు గడులు."

డ్రైవరు తన గడుల్ని సీట్లు చేశాడు. ఒక్కో చుక్క వచ్చి కిటికీ పక్క సీటు వెతుక్కుంటుంది, అవి నిండాకే మధ్య సీట్లలోకి పోతుంది. నర్సమ్మ గడులు వార్డు కిటికీలు. ఒక్కొక్కటీ వెలుగుతుంది, ఆరుతుంది, ఒక్కటి మాత్రం ఆరనే ఆరదు. అదెందుకని ఎవరూ అడగలేదు. మేస్త్రీ గడులు మాత్రం గడులే. వెంట్రుకవాసి తేడా లేదు.

"చాలా బాగుంది మేస్త్రీ గారూ. ఇందులో మీరెక్కడున్నారు?" అంది అమ్మాయి.

"నేనెందుకమ్మా అందులో? నేల బాగుందంటే మేస్త్రీ కనబడలేదని అర్థం."

అమ్మాయి నవ్వి, తను చేసింది చూపించింది. పైవరుస గడులు తిన్నగా ఉన్నాయి. కిందికి వచ్చేకొద్దీ ఒక్కోటీ ఒరుగుతూ, అట్టడుగున చెల్లాచెదురుగా పడి ఉన్నాయి. అందరూ ఆహా అన్నారు. మేస్త్రీకి మాత్రం అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఇలా పరిచినవాణ్ణి రెండో రోజు పనిలోకి రానివ్వను నేను!" అని కుర్చీ వెనక్కి నెట్టి లేచి వెళ్లిపోయాడు. వీధి మలుపు తిరిగాక సిగ్గేసింది. కూతురి వయసు పిల్ల మీద అరిచానే అనుకున్నాడు.

ఇంటికొచ్చి భార్యకు చెప్పాడు. ఆవిడ బట్టలు మడతపెడుతూ వింది.

"అవునుగానీ, నాలుగు మూలలూ సరిగ్గా ఉన్న గది నీకెప్పుడైనా తగిలిందా?"

మేస్త్రీ లెక్కేసుకున్నాడు. ముప్పై ఎనిమిదేళ్లలో ఎన్ని వందల గదులో! ఒక్కటంటే ఒక్కటి లేదు. ప్రతి గదిలో ఏదో ఒక గోడ రెండు వేళ్లు లోపలికో బయటికో పోయి ఉంటుంది.

"మరి ఆ వంకర ఏమయ్యేది?" అంది.

"అంతా చివరి వరసలో పడేస్తే చిన్నపిల్లాడైనా పట్టేస్తాడే. మొదటి వరస నుంచే తలా కాస్త పంచాలి. టైలుకూ టైలుకూ మధ్య ఒక్కో సందుకు వెంట్రుకవాసి. అప్పుడు..."

"మరదేగా నీ పని. తిన్నగా పరచడం ఎవడికైనా వచ్చు."

మర్నాడు పొద్దున్నే మేస్త్రీ గ్రంథాలయం తలుపు తీయకముందే మెట్ల మీద కూర్చున్నాడు. అయిదు రోజులు పట్టింది. భాగహారం తప్పి, ఒకసారి గడులన్నీ తెర మీద గీసిన గది దాటి బయటికి పోయాయి. ఇంకోసారి అన్నీ ఒకదానిలో ఒకటి దూరాయి. దారిన పోతూ ఆగిన డ్రైవరు ఒక బ్రాకెట్టు తక్కువైందని కనిపెట్టాడు.

శనివారం మేస్త్రీ ముందు అమ్మాయి దగ్గరికెళ్లి, "మొన్న నోరు జారానమ్మా" అన్నాడు. తర్వాత తన బొమ్మ తెరిచాడు. మళ్లీ అవే నూరు తిన్నని గడులు. ఈసారి చుట్టూ గది గోడల గీతలున్నాయి. అప్పుడాయన గది మూలను మౌస్‌తో పట్టుకుని లోపలికి నెట్టాడు. నూరు గడులూ తలా కాస్త సర్దుకున్నాయి. మూల ఎంత వంకరపోయినా ఫలానా గడి వంకరని ఎవరూ వేలు పెట్టి చూపించలేకపోయారు.

"ఇంకోసారి నెట్టండి" అంది నర్సమ్మ. నెట్టాడు. "డ్యూటీకి ఒకరు రాకపోతే మా వార్డూ ఇంతేనయ్యా. రోగులకు తెలిసేది కాదు" అంది మెల్లగా.

అమ్మాయి తన చెల్లాచెదురు గడుల్ని, మేస్త్రీ గడుల్ని పక్కపక్కనే పెద్ద తెర మీద పెట్టింది. "మనిద్దరం ఒకే వంకర గురించి చెప్పాం మేస్త్రీ గారూ. నేను చూపించాను, మీరు దాచారు" అంది. మేస్త్రీ ఈసారి ఆమె బొమ్మను కోపం లేకుండా చూశాడు. పడిపోయిన గడులు కూడా ఎక్కడ పడాలో అక్కడే పడ్డట్టు అనిపించింది.

ఇంటికెళ్లి అంతా పూసగుచ్చినట్టు చెప్పాడు. మరుసటి వారం ఆయన బయల్దేరుతుంటే భార్య కూడా చెప్పులేసుకుంది.

"చూడ్డానికి వస్తున్నావా?"

"చూడ్డానికెందుకు? నేనూ చేస్తా."

ఆవిడకు నేర్చుకోవడానికి నెల పట్టింది. తనకూ నూరు గడులే కావాలంది. కొన్నిటికి ముదురు రంగు వేసింది, అవి అప్పుడే పరిచినవి, ఇంకా ఆరనివి. గుమ్మంలో ఒక చుక్క. అవతల మూలలో ఇంకో చుక్క.

"ఇదేమిటి?" అన్నాడు మేస్త్రీ.

"ఇది నేను, అది నువ్వు. తడి నేల తొక్కకుండా నీకు భోజనం క్యారేజీ ఎలా అందించాలన్నది లెక్క. పెళ్లయిన కొత్తలో రోజూ ఇదే గొడవ నాకు."

చుక్క బయల్దేరింది. రెండు గడులు పోయి, మూడో దగ్గర ఆగిపోయింది. మేస్త్రీ మౌస్ కోసం చెయ్యి చాచాడు. ఆవిడ ఆ చేతిని పక్కకు తోసింది.

"నువ్వు అక్కడే కూర్చో. నేనే వస్తాను."