జంగప్ప చెప్పిన సముద్రం

జంగప్ప గురించి చెప్పమంటే తాండూరులో ఎవరైనా నాలుగు మంచి మాటలు చెప్తారు. నేనూ చెప్తాను. కానీ ముందే ఒప్పుకుంటున్నాను, వాణ్ణి చూస్తే నా కడుపు మండేది.

కొడంగల్ దగ్గరి పల్లె నుంచి వచ్చి నాపరాళ్ల గనిలో బండలు తీసినవాడు. సంతకం కూడా రాదు. నేనేమో వికారాబాద్‌లో చదివి మెట్రిక్ పాసైన నాగేశ్వర్‌ని. మమ్మల్ని కలిపింది సినిమా. 1958లో రాధాకిషన్ సేటు ఖాళీగా ఉన్న కందుల గోదాం కిటికీలకు గోనెపట్టాలు కట్టి, ఆదివారం పగటిపూట ఆటలు మొదలుపెట్టాడు. మిషన్ తిప్పేది సేటే. స్టేషన్ నుంచి రీళ్ల డబ్బాలు మోసుకొచ్చేది, ఆట అయ్యాక రీళ్లు చుట్టి మళ్లీ డబ్బాల్లో సర్దేది జంగప్ప. తెర పక్కన నిలబడి ఇంగ్లీషు మాటలకు తెలుగు చెప్పేది నేను. మధ్యాహ్నం ఇద్దరం ఒకే సద్దిమూట విప్పుకొని తినేవాళ్లం.

ఆ ఏడు ఒక బొమ్మల సినిమా వచ్చింది. అన్నీ గీసిన బొమ్మలే, అయినా కదులుతాయి, కొట్టుకుంటాయి. ఇద్దరు సముద్రపు దొంగలు, ప్రాణస్నేహితులు. వాళ్లకు శాపం తగిలిన కత్తి ఒకటి దొరుకుతుంది. అది పట్టినవాడికి పక్కనున్న దోస్తే పగవాడిగా కనబడతాడు. ఐదో రీల్లో ఒకడు రెండోవాణ్ణి పొడుస్తాడు. ఆరో రీల్లో బుద్ధి తెచ్చుకొని కత్తిని సముద్రంలోకి విసిరేస్తే, పడినవాడు లేస్తాడు, ఇద్దరూ కావలించుకుంటారు. అంతటితో ఆట సమాప్తం. రీళ్లతో వచ్చిన కాగితం చదివి జంగప్పకు ఈ కథ చెప్పింది కూడా నేనే.

మొదటి ఆదివారం నాకు జ్వరం. కంబళి కప్పుకొని వెనక కూర్చుంటే, నా బదులు వాడు నిలబడ్డాడు.

"సముద్రమంటే ఏందిరా?" అని బఠాణీలమ్మే భాగమ్మ అరిచింది.

"మన కాగ్నా ఏరు చూసినవ్ గదవ్వా? దానికి అవతలి ఒడ్డు తీసెయ్. గదే సముద్రం."

గోదాం మొత్తం ఓహో అంది. నేను చచ్చి పుట్టినా నాకా మాట తట్టదు. ఒక దొంగతో తెలుగు, ఇంకొకడితో కన్నడం మాట్లాడించాడు. మా తాండూరు బజారులో ఇద్దరు దోస్తులు కొట్లాడుకున్నట్టే ఉంది. ఆడవాళ్లు కొంగుతో కళ్లు ఒత్తుకున్నారు.

"ఇగ నువ్వే చెప్పు జంగప్పా. నాగేశ్వర్ టికెట్లు చింపుతడు" అన్నాడు సేటు.

"జ్వరం తగ్గినంక ఆయననే చెప్పనియ్యి సేటూ" అని జంగప్ప బతిమాలాడు. సేటు వినలేదు. మెట్రిక్ పాసైనవాడు టికెట్లు చింపాలట! పైగా వీడి సిఫారసు ఒకటి. ఆ వారమంతా నాకు అన్నం సహించలేదు.

రెండో ఆదివారం ఆటకు ముందు, ఎవరూ చూడకుండా ఐదో డబ్బాలో రీలు ఆరో డబ్బాలో, ఆరోది ఐదో డబ్బాలో పెట్టాను. సేటు డబ్బా మీది అంకె చూసి ఎక్కిస్తాడు. జంగప్ప అందరి ముందు నోరు వెళ్లబెట్టాలి, నా చోటు నాకు రావాలి. అంతే నా కోరిక.

నాలుగో రీలు తర్వాత తెర మీద ఎవరూ పొడవకుండానే మనిషి పడిపోయి ఉన్నాడు. జంగప్ప తెర మీంచి తల తిప్పాడు. వాకిట్లో నిలబడ్డ నా వైపు చూశాడు.

"ఎండదెబ్బ తాకి పడ్డడు పాపం" అని అందుకున్నాడు. కత్తి నీళ్లలో పడింది. పడినవాడు లేచాడు. కావలింతలు, చప్పట్లు. ఆ తర్వాత ఎక్కిన రీల్లో అదే కత్తి మళ్లీ చేతికొచ్చింది. దోస్తు దోస్తును పొడిచాడు. ఆట అయిపోయింది.

జనం లేవలేదు. భాగమ్మే లేచింది. "గంత మంచిగ కావలిచ్చుకున్నోడు మల్ల ఎందుకు పొడిచిండురా? శాపం కత్తి నీళ్లల్ల పడె గద?"

"కత్తిల ఏం లేకుండెనవ్వా" అన్నాడు జంగప్ప మెల్లగా. "దోస్తును చూసి ఓర్వలేకుండె. గది ఆని కడుపులనే ఉండె."

ఈసారి నా వైపు చూడలేదు.

సేటు మిషన్ వదిలి ఊగిపోతూ వచ్చాడు. "రీళ్లు సర్దింది ఎవరు?"

"నేనే సేటూ. అంకెలు మంచిగ రావు, తప్పైంది."

గనిలో రోజుకు వందల బండలు లెక్కపెట్టిన మనిషికి అంకెలు రావట! నోరు తెరిస్తే నా చోటు పోతుంది. తెరవలేదు. సేటు అక్కడికక్కడే పనిలోంచి తీసేస్తే, జంగప్ప తువ్వాలు దులుపుకొని వెళ్లి మళ్లీ గనిలో చేరాడు. రీళ్లు మార్చింది నేనన్న సంగతి చివరిదాకా తన భార్య దేవమ్మకు కూడా చెప్పలేదని తర్వాత తెలిసింది.

మూడో ఆదివారం తెర పక్కన నేను నిలబడ్డాను. వారమంతా బట్టీపట్టిన హాస్యం ఒకటి వదిలాను. గోదాంలో చీమ చిటుక్కుమనలేదు. అప్పుడు ముందు వరుసలో, నేల మీద కూర్చున్న జంగప్ప తొడ చరుచుకొని పకపకా నవ్వాడు. వాణ్ణి చూసి పక్కవాళ్లు, వాళ్లను చూసి గోదాం మొత్తం నవ్వింది. వాడు నా కోసమే నవ్వాడని నాకు తెలుసు.

నాకు సిగ్గేసిందని రాస్తే బాగుంటుంది. కానీ అబద్ధం అవుతుంది. ఆ మంచితనం వాడికే ఎందుకు ఉండాలని, దాని మీద కూడా ఏడ్చాను.