నిమ్మచెట్టు మీది పిగిలిపిట్టలు

సత్యవతక్క ఇక లేదన్న కబురు నాకు మొదట తెచ్చింది పక్క విల్లాలో పనిచేసే లక్ష్మి. అది పోయిన వారం. ఈ ఉదయం ఈ అరబ్బు దేశంలో, అల్ ఖౌద్‌లోని మా మేడమ్ ఇంటి తోటలో నీళ్ళు పెడుతుంటే, తడిసిన మట్టి వాసన లేచింది. నిమ్మచెట్టులోంచి పిగిలిపిట్టలు కూశాయి. గొట్టం కింద పెట్టి అక్కడే కూర్చుండిపోయాను.

నేను బడికి వెళ్ళినదాన్ని కాదు. మా నాన్న ఇంట్లో నేర్పిందే నా చదువు. పద్నాలుగేళ్ళ క్రితం, ఏడాదిన్నర బిడ్డను కడపలో మా అమ్మ చేతిలో పెట్టి ఇక్కడికి పనికి వచ్చాను. అప్పటికే ఈ ఇంట్లో వంట చేస్తున్న అక్కది గోదావరి జిల్లా. మేడమ్ లేవకముందే వంటింటి గడప మీద టీ గ్లాసుతో కూర్చుని పిట్టలను చూసేది. నన్నూ కూర్చోబెట్టేది. నల్లని తల, తోక కింద ఎర్రటి మచ్చ. అచ్చం మన ఊరి పిట్టలే.

"ఇవి ఈడికి ఎట్లొచ్చినాయక్కా?"

"ఏమోనే. మనల్నైతే వీసా అడిగారు. వీటినెవరూ అడిగినట్టు లేదు."

ఇక్కడ గాలిదుమారం వచ్చి వెళ్ళాక చెట్ల ఆకులు కూడా కడగాలి. మూడో వారంలో ఆ పని నాకు పడింది. మా ఊళ్ళో ఎద్దులను కడిగినట్టే గొట్టం నోటికి వేలు అడ్డంపెట్టి జోరుగా కొట్టాను. నిమ్మచెట్టులోని పిగిలిపిట్టల గూడు ఊడి కింద పడింది. రెండు గుడ్లూ పగిలాయి.

"దేవుడే చూపించినాడక్కా. తల్లి దగ్గర లేకుంటే బిడ్డ గతి ఇంతే. నేను పోతా. మేడమ్‌కు చెప్పు."

అక్క పెంకులు ఏరి చెట్టు మొదట్లో మట్టి కప్పింది.

"దేవుడు గొట్టం పట్టుకోలేదే పిల్లా, నువ్వు పట్టుకున్నావు. రేపట్నుంచి మెల్లగా పట్టుకో. అవి ఏం చేస్తాయో చూశాక వెళ్దువుగాని. ముందు అన్నం తిను."

మూడు రోజులు ఆ జంట గోడ మీద కూర్చుని అరిచింది. నేను చూడలేక లేచి వెళ్ళబోతే అక్క మణికట్టు పట్టుకుని కూర్చోబెట్టింది. నాలుగో రోజు ఒకటి ఖర్జూరపు పీచు ముక్కుతో పట్టుకొచ్చి, కింది కొమ్మ మీద వాలింది. అక్క ఉప్మా పళ్ళెం నావైపు జరిపింది. ఆ తర్వాత నేను ఊరి మాట ఎత్తలేదు.

నా బిడ్డ ఇప్పుడు పదో తరగతి. సెలవుకు వెళితే పరుగెత్తుకుంటూ ఎదురొస్తుంది. నన్ను ఆపిన మనిషి మాత్రం రెండేళ్ళ కిందట ఒంట్లో బాగాలేక తన ఊరికి వెళ్ళి, తిరిగి రాలేదు. ఫోన్ చేస్తే "ఈసారి ఎన్ని గూళ్ళే?" అని అడిగేది. లెక్క చెప్పి పెట్టేసేదాన్ని. 'నువ్వు ఆపబట్టే ఉన్నానక్కా' అనే మాట రేపు, రేపు అనుకుంటూనే మిగిలిపోయింది. నా పొరపాటును దేవుడి మీదికి తోయకుండా బతకడం ఆమె దగ్గరే నేర్చుకున్నాను. అలాంటి మనిషిని చూపించినందుకు ఆయనకు రోజూ దండం పెట్టుకుంటాను.

ఆమెకు నా అన్నవాళ్ళు లేరు. చదివే మీకు ఆమె ఎవరో తెలియదు. అయినా ఒకటి అడుగుతాను. మీరు దేవుడి ముందు నిలబడి మీవాళ్ళ పేర్లు చెప్పుకునేటప్పుడు, చివర్లో సత్యవతి అని కూడా అనండి.