దాలయ్య ఎక్కిన మంచం

మా ఊరి దాలయ్య బతికుండగానే నలుగురి భుజాల మీద ఊరేగిన మనిషి. ఏదో ఒకసారి పొరపాటున కాదండీ. మూడు వేసవులు, శివరాత్రి వెళ్లింది మొదలు తొలకరి పడేదాకా, ప్రతి ఆదివారం పొద్దున్న ఎనిమిదింటికి, నులకమంచం మీద వెల్లకిలా పడుకుని ఊరి ఈ చివర నుంచి ఆ చివరికి! ముప్పై నాలుగేళ్లు టీచరుగా పనిచేసి రకరకాల పిల్లల్నీ, వాళ్లని మించిన హెడ్‌మాస్టర్లనీ చూశాను గానీ, ఇలాంటి మనిషిని ఎక్కడా చూడలేదు.

మాది బొబ్బిలికి గంట దూరం. ఊరి వెనకాల కొండ, కొండకీ మాకూ మధ్య జీడితోటలు. ఎండాకాలం వచ్చిందంటే తోటల్లో ఎండుటాకు మోకాలిలోతు పేరుకుంటుంది. ఎవడో బీడీ పారేస్తాడు, ఎవడో ఆకు ఊడ్చి అంటిస్తాడు, ఏటా ఏదో ఒక మూల కొండ కాలుతూనే ఉంటుంది. మేమంతా అరుగుల మీద కూర్చుని "కొండ కాల్తంది" అనుకుంటూ టీ తాగేవాళ్లం. దాలయ్యకి మాత్రం ఆ టీ గొంతు దిగేది కాదు.

"కొండ మీంచి ఊల్లోకి రాడానికి నిప్పుకి బస్సు కావాలేటి?" అనేవాడు.

అందుకని ప్రతి ఇంట్లో తలుపు వెనకాల ఒక 'నిప్పు సంచి' తగిలించమన్నాడు. అందులో పొలం పాసుబుక్కు, ఆధార్ కార్డులు, మందులు, టార్చిలైటు, ఒక జత బట్టలు ఉండాలి. చెప్పి ఊరుకున్నాడా? నేను పిల్లల హోంవర్కులు కూడా అంత శ్రద్ధగా చూడలేదు, ఈయన ఇంటింటికీ వచ్చి సంచి బోర్లించి చూసేవాడు. నా సంచిలోంచి జరీ అంచు శాలువా ఒకటి జారిపడింది.

"టీచరమ్మా, ఇదేటి?"

"నా రిటైర్మెంటుకి కప్పిన సన్మానం శాలువా."

"నిప్పొచ్చి మనం లగెత్తుతుంటే మద్దిలో సన్మానం సేస్తారేటి?"

"ఏమో, చెప్పలేం కదా!" అన్నాను.

శాలువా తీసి గూట్లో పడేసి, దాని చోట నా పాత కళ్లజోడూ బీపీ మాత్రలూ పెట్టి వెళ్లాడు. ఆయన వీధి మలుపు తిరగ్గానే శాలువా మళ్లీ సంచిలోకి వెళ్లిపోయిందనుకోండి, అది వేరే సంగతి.

తర్వాత పశువుల వంతు. కట్టుతాళ్లన్నిటికీ ఒక్క లాగుతో ఊడే ముడి వేయించాడు. వారం తిరిగేసరికి ఆ విద్య ఆవులు కూడా నేర్చేసుకుని మా తోటకూర మడి మేసేశాయి. ఊరంతా దాలయ్యని తిట్టింది. "కూర మల్లీ మొలుస్తాది. ఆవు మొలుస్తాదేటి?" అని ఆయన ఇంకో ఇంట్లో ముడి వేయడానికి వెళ్లిపోయాడు.

ఇక ఆదివారం రిహార్సలు. దాలయ్య పెళ్లాం జగ్గమ్మ కంచం మీద గరిటెతో వాయించేది. అందరూ సంచులు తగిలించుకుని, పశువుల్ని విప్పుకుని, ఊరికి తూర్పున ఉన్న కళ్లంలోకి వెళ్లాలి. నూర్పులయ్యాక అక్కడ ఉత్త మట్టి తప్ప గడ్డిపరక ఉండదు, అంటుకోడానికేమీ లేదు. నడవలేనివాళ్లని మంచం మీద మోసుకెళ్లాలి. ఆ నడవలేని మనిషి వేషం ఎప్పుడూ దాలయ్యదే!

ముందు కోడు మోసే ధనరాజ్ ఒకసారి ఏడుపుమొహం పెట్టాడు. "మావా, ఈ ఒక్కవారం నన్నెక్కనీ. నువ్వు మొయ్యి."

"నీకు కదలకండా తొంగోడం రాదురా. సెల్లు సూస్తావు."

ఓ ఆదివారం అరసవల్లి నుంచి పెళ్లివారు కారులో మా ఊరి అమ్మాయిని చూసుకోడానికి వచ్చారు. ఊరి మొగలోనే మంచం ఎదురైంది. శవం ఎదురొస్తే శుభమంటారు కదా! పెళ్లికొడుకు తల్లి ముఖం వెలిగిపోయింది. కారాపించి, దిగి, దణ్ణం పెట్టి, "మంచి శకునం, ఈ సంబంధం కుదిరిపోయినట్టే" అంది. అంతలో శవం లేచి కూర్చుని, "ఎవలింటికమ్మా?" అని అడిగింది. ఆవిడ కారు ఎక్కిన వేగానికి డోరు ఊడలేదంటే ఆ కంపెనీ వాళ్లని మెచ్చుకోవాలి. సంబంధం మాత్రం కుదిరింది లెండి.

ఊరేగింపు కచ్చితంగా ఆగే చోటు ఒకటే, మా ఇల్లు. మాది పెంకుటిల్లే గానీ పక్కన తాటాకుల పూరిగది ఉంది. మా అత్తగారు కాంతమ్మకి అందులోనే చల్లగా ఉంటుంది. ఎనభై నాలుగేళ్లు. తుంటి ఎముక విరిగాక మంచం దిగలేదు. ఆవిడ కిటికీ ముందు దాలయ్య మంచం ఆగేది.

"అత్తా, ఎలాగున్నాను?"

"పీనుగులా ఉన్నావురా దాలిగా!"

"పీనుగు మజ్జిగ అడుగుతాదేటి? గ్లాసు మజ్జిగ ఇప్పించు."

నేను గ్లాసు తెచ్చివ్వాలి. ఆయన మంచం మీదే తాగాలి. అత్తగారు పడీపడీ నవ్వాలి. వారమంతా మూలిగే మనిషి ఆదివారం పొద్దున్నే తల దువ్వించుకుని కిటికీ వైపు తిరిగి పడుకునేది.

మూడో వేసవిలో ఓ బుధవారం. మావారు బొబ్బిలి వెళ్లారు. మగవాళ్లలో సగంమంది ఊళ్లో లేరు. పదకొండింటికి నేను ఆరబెట్టిన వడియాల మీద నల్లటి బూడిద రాలింది. ఎవర్నో తిట్టబోయి తలెత్తి చూస్తే, జీడితోటలో ఊరివైపు వరస భగ్గుమంటోంది. పడమటిగాలి. కంచం మోగింది.

"ఈయాల ఆదివారం కాదే!" అని ఎవరో అన్నారు. అంతే. సంచులు తలుపు వెనకనుంచి భుజాల మీదకొచ్చాయి. తాళ్లు ఒక్క లాగుతో ఊడాయి. ఆవులు అలవాటు కొద్దీ కళ్లం దారి పట్టాయి.

నేను సంచి తగిలించుకుని పూరిగదిలోకి పరిగెత్తాను. "అత్తయ్యా, నిప్పొచ్చేసింది! మోసుకెళ్లడానికి మనుషుల్ని పిలుస్తాను."

"నాను రాను. నలుగురు మోసి గడప దాటించేది సచ్చినోల్లనే. నువ్వెల్లు."

బతిమాలాను. ఏడ్చాను. ఆవిడ తన టేకు పందిరిమంచం కోడు రెండు చేతులా పట్టుకుంది. తుంటి విరిగినా పట్టు సడల్లేదు మహాతల్లికి. కిటికీలోంచి పొగ వస్తోంది. ఆవిణ్ణి వదిలి వెళ్లలేను, ఎత్తనూ లేను.

అప్పుడు దాలయ్య, ధనరాజ్, జగ్గమ్మ నులకమంచంతో లోపలికొచ్చారు. ముగ్గురే. దాలయ్య నావైపు చూశాడు. "టీచరమ్మా, నాలుగో కోడు నీది."

అత్తగారు మంచాన్ని ఎగాదిగా చూసింది. "ఇది నువ్వెక్కేది గదరా?"

"అవునత్తా."

"మూడేల్లు ఎక్కినా సావనేదు నువ్వు."

"సావనేదత్తా. నడుం నొప్పి కూడా తగ్గింది."

ఆవిడ ఒక్క క్షణం ఆలోచించింది. కోడు వదిలేసింది. "అయితే ఎక్కించండి, బేగి!"

ఎత్తాం. గడప దాటాం. ఎప్పుడూ దాలయ్య ఆగే కిటికీ దగ్గరకి రాగానే పైనుంచి కేక వినబడింది. "ఒసే కోడలా! ఆడికైతే వారంవారం ఇచ్చినావు, నాకు మజ్జిగ నేదేటే?"

నవ్వొచ్చిందో ఏడుపొచ్చిందో నాకే తెలీదు. కళ్లనీళ్లు మాత్రం పొగ మీదకి తోసేశాను.

ఫైరింజను వచ్చి మధ్యాహ్నానికి మంటలు ఆర్పింది. నాలుగు గడ్డివాములు, రెండు పశువుల శాలలు, మా పూరిగది పోయాయి. తాటాకు కప్పు సరిగ్గా పందిరిమంచం మీద కూలింది. టేకు బొగ్గయిపోయింది. కళ్లంలో మనుషుల్ని మూడుసార్లు లెక్కపెట్టాం. మూడుసార్లూ అందరూ ఉన్నారు.

అప్పుడు జగ్గమ్మ నా పక్కన కూలబడి చెప్పింది. "నువ్వింకా బడికెల్తన్నావప్పుడు. నిప్పొస్తే మంచం మీద మోసుకెల్తామని మీ అత్తకి సెప్పడానికి మా ఆయన మీ ఇంటికెల్లినాడు. నలుగురు మోస్తే సచ్చినట్టే, నానిక్కడే కాలిపోతానందట. ఆ మాట ఇని ఆ పూట అన్నం తిననేదు. బతికున్నోల్లు కూడా మంచమెక్కి దిగొచ్చని ఆమెకి సూపిత్తానని తనే ఎక్కీసినాడు. అపశకునవయ్యా అంటే, నాకేటైతే అయిందిలే అన్నాడు."

మూడేళ్లు నవ్వాను నేను. మజ్జిగ అందిస్తూ మరీ నవ్వాను.

దాలయ్య దగ్గరకెళ్లి చేతులు జోడించాను. ఆయన కంగారుపడిపోయాడు. "సాల్లే టీచరమ్మా. నాకు ఊరేగడం సరదా. మీ ఇంట మజ్జిగ బాగుంటాది."

మరుసటి ఆదివారం దాలయ్య నడిచొచ్చాడు. ఇంక తను మంచమెక్కనక్కర్లేదన్నాడు. మేం ఎత్తి అరుగు మీద కుర్చీలో కూర్చోబెట్టిన అత్తగారు ఒప్పుకోలేదు. "ఎక్కించండ్రా ఆడిని!" అంది. ధనరాజ్‌తో పాటు ఇంకో ముగ్గురు ఆయన్ని ఎత్తి మంచం మీద పడేశారు.

నేను నిప్పు సంచిలోంచి జరీ శాలువా తీశాను. "నిప్పొస్తే మధ్యలో సన్మానం చేస్తారా అన్నావుగా. చేస్తున్నాం" అని మెడదాకా కప్పాను. మొహం పక్కకి తిప్పేసుకున్నాడు. మోసేవాళ్లు మంచం భుజాలకెత్తారు.

సరిగ్గా అప్పుడే ఊరికి కొత్తగా వచ్చిన చేపలమ్మ ఎదురైంది. తట్ట దింపి, మంచాన్నీ శాలువానీ చూసి, గుండెలు బాదుకుంది. "ఓలమ్మో! ఎవులమ్మా పోయారు?"

"అత్తా, మజ్జిగ!" అన్నాడు శాలువాలోంచి దాలయ్య. చేపలమ్మ రెండడుగులు వెనక్కి గెంతి తట్టలో కూర్చుంది.

మా అత్తగారు కుర్చీలోంచి ముందుకి వంగి తాపీగా చెప్పింది.

"ఎవులూ పోనేదు తల్లీ. ఈ సచ్చినోడు పోనిస్తేనా!"