నూరుల్లా భాయ్ నాలుగో వరుస

నూరుల్లా భాయ్ మీద నాకు ఇప్పటికీ కోపమే. తప్పు ఆయనది కాదు, నాకెరుకే. అయినా కోపమే. ఒక్కనాడు గొంతు లేపి నన్ను నాలుగు తిట్లు తిట్టి ఉంటే ఏం పోతుండె ఆయనకు?

పందొమ్మిది వందల డెబ్బై నాలుగుల ఎడపల్లి దిక్కు ఒక చెరుకు ఫారంల నేను టైపు కొట్టే గుమస్తాను. కొత్త చెరుకు రకాలు పెంచి, ఏది బాగుంటే దాన్ని రైతులకు ఇయ్యాలె, గదీ మా పని. నూరుల్లా భాయ్ చేన్ల తూకాలు రాసేటోడు. బోధన్ మనిషి. పొద్దుగాల్నే సైకిలేసుకొని వస్తుండె. చెరుకుల జొచ్చిండంటే మాపటి దాక కనవడకపోతుండె. పిలిస్తే పలకడు, అన్నం యాదుండది.

పన్నెండు రకాలుండె. అండ్ల నాలుగో నంబరు ఆయన పాణం. తొమ్మిదేండ్ల కిందట ఎండకు మాడినయని పారేసిన మొక్కలల్ల ఒక్కటి ఏరుకొచ్చి, నీళ్లు వోసి బతికించి, దాన్నే ముక్కలు చేసి నాటుకుంట పరీక్ష దాక తెచ్చిండు. ఆ రకం ఇంకెక్కడ లేదు, మా చేన్లనే. ఈసారి గెలిస్తే రైతులకు వోతది, ఓడితే దున్ని పడేస్తరు. "గిదొక్కటి నెగ్గితే చాలు దేవన్నా, నాకు ఇంకేం వద్దు" అంటుండె నాతోని.

ఒక్కో రకాన్ని ఆరు మడులల్ల పెట్టినం. అంటే కాగితం మీద రకానికి ఒక వరుస, వరుసకు ఆరు తూకాలు. కోత అయినంక ఆ కాగితం నేను టైపు కొట్టి పట్నం పంపాలె. అక్కడ అట్టలకు బొక్కలు కొట్టి కంప్యూటరు మిషిన్ల పెడితే ఏ రకం అన్నిటికన్న మీదున్నదో అదే తేలుస్తదంట. మా సారు ఆ మిషిన్ పేరు చెప్తే చేతులు జోడించేటట్టు ఉంటుండె. నాకైతే అది నెత్తినొప్పే.

మొదటిసారి కాగితం తిరిగొచ్చింది. అంకెలు సరిపోలేదు అని రాసిండ్రు. గంతే, ఇంకో ముక్క లేదు. నేను కొట్టినదాన్ని నూరుల్లా భాయ్ రాసినదాంతోని రెండుసార్లు పోల్చి చూసిన. ఒక్క తప్పు దొరకలే. మళ్ల కొట్టి పంపిన. మళ్ల తిరిగొచ్చింది. మూడోసారి కండ్లల్ల నీళ్లు కారంగ కొట్టిన. అదీ వాపస్. ఈ తాప మాత్రం ఎవరో పుణ్యాత్ముడు విడమర్చి రాసిండు. నాలుగో వరుసల నాలుగే అంకెలున్నయి. మిషిన్‌కు ఆరు కావాలె. తక్కువ పడితే అది అడగది, కింది వరుసకెల్లి రెండు గుంజుకుంటది. ఐదో వరుస ఆరోదాన్లకెల్లి గుంజుకుంటది. గట్ల గుంజుకుంట పోయి పన్నెండో రకం కాడ రెండు తక్కువైతున్నయి.

కాగితం వట్టుకొని చేనుకు ఉరికిన.

"భాయ్, రెండు తూకాలు ఏడ మింగిండ్రు?"

"హన్మవ్వ చెప్పలే, నేను రాయలే" అన్నడు.

హన్మవ్వ కోత కూలీల పెద్ద. కాంటా కాడ నిలవడి తూకం గట్టిగ చెప్పేది ఆమెనే. ఆమెనడిగిన.

"ఆ రెండు మడులు పందులు మేసినయి గద బిడ్డా. తియ్యగుంటదని అదొక్కటే ఏరి మేసినయి. చెరుకు గడనే లేనికాడ ఏం సెప్తం? కాంటా కాడ లేదన్న మాట నోట రావొద్దు. సప్పుడు సేయకుండ పక్క మడికి పోతం. మా అవ్వల కాలంకెల్లి గంతే."

బాగున్నది. ఈమె చెప్పది, ఈయన రాయడు, అక్కడ మిషిన్ ఆగది. నడుమ సచ్చేది నేను.

"రెండు సున్నలు పెడ్త" అన్న నూరుల్లా భాయ్‌తోని.

"వద్దు దేవన్నా. తూస్తే ఏం రాకుంటే సున్న రాయొచ్చు. మనం తూయనే లేదు. పందులు తింటే చెరుకు తప్పా?"

"మరేం పెట్టాలె, నా తలకాయనా?"

"తూయలేదని రాయుండ్రి."

అంకెలు తప్ప ఏం రాయొద్దని సారు ముందే చెప్పిండు. నాకు మండింది. ఆఫీసుకొచ్చి ఆ వరుస చివర రెండు సున్నలు కొట్టి పంపేసిన. ఆయనకు చెప్పలే. వరుసలన్ని సమానంగ కనవడితే సిగ్గులేక సంబురపడ్డ గూడ.

ఈసారి మిషిన్ కిక్కురుమనలే. పదిహేను రోజులకు ఫలితం వచ్చింది. నాలుగో నంబరు ఆఖరు. మొదట వచ్చిన మూడు రకాలు ఉంచి మిగిలినయి దున్నమన్నడు సారు.

నూరుల్లా భాయ్ నా బల్ల కాడికి వచ్చిండు. "నాలుగోది ఆఖరుకు ఎట్లొచ్చింది దేవన్నా? కాంటా మీద దాని అంత బరువు ఇంకోటి తూగలే. జర చూడుండ్రి."

నేను ఆ కాగితాన్ని అవతలికి నెట్టిన. "మిషిన్ అబద్ధం చెప్తదా భాయ్? ఇడిసిపెట్టుండ్రి ఇగ, నా పాణం తీయకుండ్రి" అన్న. ఆ సున్నలు నాకు యాదికి రాలేదని చెప్పను. వచ్చినయి. రెండు సున్నలకే ఏమైతది అనుకున్న.

ఆయన మళ్ల చేన్లకు వోయిండు. తెల్లారి నాగండ్లు కట్టిండ్రు. చిగురేసిన నాలుగో నంబరు మోళ్లన్ని మట్టిల కెల్లి పైకి తేలినయి. ఎండినంక కూలీలు ఏరుకొని పొయ్యిలకు కొంచవోయిండ్రు.

పన్నెండు రోజులకు పట్నంకెల్లి ఆ పుణ్యాత్ముడే మళ్ల రాసిండు. నాలుగో వరుసల రెండు సున్నలు చూస్తే అనుమానం వచ్చిందంట. అవి తూయని మడులైతే, తూసిన నాలుగింటి మీదనే చూడాలంట. గట్ల చూస్తే అన్నిటికన్న మీద అదేనంట, మిగిలినయి దాని దగ్గరికి గూడ రావంట. నాటనీకి ముక్కలు వెంటనే పంపమన్నడు.

పోయి ఆయనకు చదివి చెప్పిన. సున్నలు పెట్టింది నేనే అని గూడ చెప్పిన. తిడితే తిట్టనియ్యి అనుకున్న. నా చేతిలకెల్లి కాగితం తీసుకొని చాలాసేపు చూసిండు. ఆయనకు ఇంగ్లీషు రాదు.

"మొదటిదా?"

"మొదటిది."

"గీ ముచ్చట మా ఇంట్ల మీరే చెప్పుండ్రి. నేను చెప్తే నమ్మరు."

బోధన్ పోయిన. ఆయన భార్య హుసేన్ బీ చాయ్ ఇచ్చి తలుపు కాడ నిలవడ్డది. మీ ఆయన పెంచిన చెరుకు పన్నెండింటిల మొదటిది వచ్చిందక్కా అని చెప్పిన. దాన్ని దున్నేసినమన్న ముచ్చట మాత్రం చెప్పలే. ఆమె కొంగుతోని కండ్లు తుడుచుకున్నది.

"తొమ్మిదేండ్లాయె అన్నా. ఫారం చెరుకని ఒక్క గడ గూడ ఇంటికి తేలే ఈ మనిషి. మీరైన ఒకటి తెస్తరా? ఎట్లుంటదో తిని చూస్త."