అంచు మీది వేళ్లు

గద్వాలలో మా ఇంట్లో మగ్గం పని మా ఆయనది, ఫోటోల పని నాది. చీర మగ్గం దిగగానే ఫోటో తీసి, కంప్యూటర్‌లో సరిచేసి, అడిగినవాళ్లకు ఫోన్‌లో పంపుతాను. ఫోటోలో అక్కర్లేనివాటిని కంప్యూటర్ బ్రష్‌తో ఎలా చెరిపేయాలో వీడియోలు చూసి నేర్చుకున్నాను. చూస్తే సులువే. చేస్తే ప్రాణం తీస్తుంది.

ఒకరోజు దిగింది వంకాయరంగు చీర. అంచు నిండా జరీతో నేసిన గోపురాలు. మిద్దె మీద ఒక కొసను తీగకు క్లిప్పులతో బిగించి, రెండో కొస గాలికి ఎగరకుండా అత్తమ్మను పట్టుకోమన్నాను. ఫోటో బాగానే వచ్చింది గానీ ఆమె వేళ్లు సరిగ్గా అంచు మీద పడ్డాయి. మళ్లీ తీద్దామంటే చినుకులు మొదలయ్యాయి. అచ్చంపేట నుంచి ఒకామె ఫోటో కోసం ఫోన్ మీద ఫోన్ చేస్తోంది.

సరే, వేళ్లు చెరుపుదామని కూర్చున్నాను. పక్కనున్న గోపురాన్ని బ్రష్‌తో తీసుకుని వేళ్ల మీద అద్దాలి. అద్దితే సగం గోపురమే పడింది. మళ్లీ అద్దితే కొన వంగింది. బ్రష్ పెద్దది చేస్తే జరీ పులుముకుపోయింది, చిన్నది చేస్తే మచ్చలు తేలాయి. చెరపడం, అద్దడం, మళ్లీ చెరపడం. మణికట్టు గుంజింది. పొయ్యి మీద పప్పు మాడిన వాసన వచ్చినా లేవలేదు. ఎట్టకేలకు వేళ్లు పోయాయి. పనిలో పనిగా రంగు కాస్త ముదురు చేసి పంపాను.

మా ఆయన అన్నం తింటుండగా అచ్చంపేట ఆమె ఫోన్ చేసింది. స్పీకర్ పెట్టాను.

"చీర మంచిగున్నది గానీ, అంచుల ఒక్కకాడ గోపురాలు వంకరున్నయి. నేతల తప్పు పడ్డదా?"

ఆయన చేతిలో ముద్ద ఆగిపోయింది.

"లేదక్కా, చీరల ఏ తప్పు లేదు. ఫోటోనే నేను జర సాపు జేసిన. అసలుది పంపిస్త, చూడు" అన్నాను.

పంపాను. చూసి, "గా రంగు వేరు, గీ రంగు వేరు. రెండు చీరలు చూపిస్తున్నవా? నాకొద్దమ్మా" అని పెట్టేసింది.

మా ఆయన ఫోన్ లాక్కుని నేను సరిచేసిన ఫోటో చూశాడు. "గిది నేను నేసిందేనా? మంచి చీరకు లేని తప్పు తెచ్చిపెట్టినవ్ గదా!"

గడపలో కూర్చున్న అత్తమ్మ అందుకుంది. "నా చెయ్యి కనవడితే ఏమైతుండెనే? చీర పట్టుకోనీకి చెయ్యి ఉండదా?"

ఆమె నవ్వుతూ అనలేదు. చీర తప్ప ఇంకేమీ కనిపించకూడదని కొనేవాళ్లే అంటారు.

కొన్నాళ్లకు వనపర్తి నుంచి పక్కింటికి వచ్చిన చుట్టాలు ఆ చీరను చేత్తో తడిమి చూసి కొనుక్కుపోయారు. "ఫోటో అక్కరకే రాలే" అన్నాడు మా ఆయన సంతోషంగా.

నాకు ఒళ్లు మండింది. "అయితే రేపటి చీర ఫోటో నువ్వే తియ్యి" అని ఫోన్ ఆయన ఒళ్లో పడేశాను.

తీయలేదు. మర్నాడు మిద్దె ఎక్కింది మళ్లీ నేనే.