సుగుణకు ఇవ్వని మాత్ర

ఈ బరువు గుండెల మీద పెట్టుకునే పిల్లల పెళ్లిళ్లు చేశాను, మనవళ్లను పెంచాను. ఎవరికీ చెప్పలేదు. మీరు నన్నెరగరు, అందుకే మీకు చెబుతున్నాను.

మాది వేప్పనపల్లి దగ్గర ఊరు. మా వైపు ఇంకా సేలం జిల్లాలోనే ఉన్న రోజులు, అరవై ఏళ్లు దాటింది. మా మరిది భార్య సుగుణకు వింత జబ్బు. పొద్దున వాకిలంతా ముగ్గు పెట్టేది. మధ్యాహ్నానికి కనురెప్పలు వాలిపోయేవి, సాయంత్రం బిందె ఎత్తలేకపోయేది. ఆ బిందెలన్నీ నేనే మోశాను. ఒళ్లు వంచలేక ఆడే నాటకమని నలుగురిలో అన్నాను కూడా.

మద్రాసు డాక్టరు దగ్గరికి తోడు వెళ్లిందీ నేనే. నరం చెప్పే మాట కండకు అందడం లేదని, మాత్ర వేస్తే కాసేపు అందుతుందని, అన్నానికి ముందు తప్పకుండా ఇవ్వాలని, లేకపోతే మింగుడు పడదని ఆయన నాకే చెప్పాడు. అర్థం కాలేదనలేను. బాగా అర్థమైంది. సీసా నా దగ్గరే ఉండేది.

ఆ శనివారం ఇంట్లో ఒక్కపొద్దు. నైవేద్యం అయ్యేదాకా ఎవరూ ఏమీ నోట్లో వేసుకోరు.

“అక్కా, మాత్ర ఇయ్యక్కా. నాలిక తిరగతా లేదు,” అంది సుగుణ. మాట ముక్కులోంచి వస్తోంది.

“పూజ కానీమ్మా. ఒక పూట మానితే ఏం పోతాదిలే.”

భక్తా అది? కాదు. మందుకు పట్టింపు లేదని మా అత్తగారే అనేవారు. మాత్ర లేకపోతే ఏమవుతుందో చూద్దామనుకున్నాను, నాటకం బయటపడుతుందనుకున్నాను. పూజ అయ్యాక కూడా ఇవ్వలేదు. ఆకు వేసి నేనే వడ్డించాను.

రెండో ముద్దకే పొలమారింది. దగ్గడానికి కూడా ఆమెకు బలం లేదు. మెడ వాలిపోతున్నా నా వైపే చూసింది. ఆ చూపు ఇప్పటికీ నన్ను అన్నం తిననివ్వదు.

మరిది పరిగెత్తుకొచ్చాడు. “వదినా, మాత్ర ఇచ్చినావా?”

“ఇచ్చినానప్పా.”

బండి కృష్ణగిరి ఆసుపత్రి చేరకముందే ఊపిరి ఆగిపోయింది.

మిగిలిన మాత్రలను మరిది దిబ్బలో పారేశాడు, పనికిరాని మందని. సొంత చెల్లెల్లా చూసుకున్నానని బతికినంత కాలం నా గురించి గొప్పగా చెప్పాడు. పోయిన ఏడాది అతనూ పోయాడు. ఉండగా ఎందుకు చెప్పలేదు? భయమా? ఆ మంచి పేరు వదులుకోలేకా? రెండూ.

క్షమించమని అడగను. క్షమించాల్సిన వాళ్లు లేరు. అతను అడిగినదానికి జవాబు మాత్రం బాకీ ఉంది. రాస్తుంటే గుండె కాస్త కుదుటపడుతోంది.

ఇయ్యలేదప్పా. ఆ పొద్దు నేను ఇయ్యలేదు.